నాన్నకు గోంగూర కావాలి, ఇక్కడ ఎవరి కొట్లో అడగాలి?

కృష్ణకాలువ | ఫోర్ట్ వేన్, ఇండియానా | ఏప్రిల్ 5

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చదవడమే గానీ రాయడం ఇదే మొదలు.

మాది తెనాలి పక్కన పల్లె. ఉద్యోగం మారి ఈ ఊరొచ్చి ఎనిమిది నెలలైంది. అమ్మ పోయి ఏడాది దాటింది. ఇంట్లో ఒక్కరే ఉంటున్నారని నాన్నని మార్చిలో ఆరు నెలలకి తీసుకొచ్చాను. ఆయన పెట్టింది తింటారు. ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగే మనిషి కాదు. వచ్చిన కొత్తలో ఒక ఆదివారం పాలకూర పప్పు వడ్డిస్తే కంచంలోకి కాసేపు చూసి, "ఈ నేలలో గోంగూర మొలవదట్రా?" అన్నారు. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సీసాలో దొరికే గోంగూర పచ్చడి తెచ్చాను. ఉప్పు, నూనె తప్ప ఆకు రుచి లేదు. నాన్న కలిపిన ముద్ద వదలకుండా తిన్నారు గానీ రెండోసారి వేసుకోలేదు. ఫ్రోజెన్ ఆకు కోసం ఇక్కడి ఇండియన్ స్టోర్‌లో మూడు వారాలుగా అడుగుతుంటే ఇంకా లోడ్ రాలేదంటున్నారు. షికాగోలో మన కొట్లుండే డెవాన్ అవెన్యూకి వెళ్తే దొరుకుతుందని తెలుసు. కానీ రానూపోనూ దాదాపు ఆరు గంటలు. నాన్నకి నడుం నొప్పి, అంతసేపు కార్లో కూర్చోలేరు. నేనొక్కడినే వెళ్లొచ్చు, వెళ్తాను కూడా. దగ్గర్లో ఇంకేదైనా దారి ఉంటే చెప్పండి.

మినపగుళ్లు | టొరంటో | ఏప్రిల్ 5

సీసా పచ్చడి కొన్నా దాన్ని అలాగే వడ్డించకండి. ఎండుమిర్చి, మెంతులు, ధనియాలు వేయించి దంచి, ఆ పచ్చడి కలిపి, వెల్లుల్లి తాలింపు పెట్టండి. పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. అసలు ఆకు దొరికేదాకా ఇలా నెట్టుకురావచ్చు.

ఉలవచారు | సెయింట్ పాల్, మిన్నెసోటా | ఏప్రిల్ 6

తమ్ముడూ, ఫోర్ట్ వేన్‌లో ఉండి గోంగూర కోసం షికాగో ఎందుకు? మీ ఊళ్లో బర్మా వాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1990ల నుంచి శరణార్థులుగా వచ్చి అక్కడ స్థిరపడ్డారు. మనకి గోంగూర ఎంతో వాళ్లకీ అంతే. వాళ్ల భాషలో "చిన్‌బాంగ్" అంటారు. అందులో మొదటి మాటకి అర్థమే పులుపు. వాళ్ల సరుకుల కొట్లోకి వెళ్లి ఆ మాట అను. పలకడం రాకపోతే ఫోన్లో ఫొటో చూపించు. ఫ్రిజ్‌లో లేకపోతే ఫ్రీజర్‌లో ఉంటుంది.

నాకు ఈ సంగతి ఆరేళ్ల కింద తెలిసింది. ఇక్కడ సెయింట్ పాల్ రైతుబజారులో లావోస్ నుంచి వచ్చిన హ్మాంగ్ రైతులు, బర్మా నుంచి వచ్చిన కరెన్ వాళ్లు కూరగాయలు అమ్ముతారు. జులైలో ఒక శనివారం ఒక ముసలామె బల్ల మీద ఎర్ర కాడల కట్టలు కనిపించాయి. నేను ఆకు తుంచి నోట్లో వేసుకుంటే ఆమె నవ్వింది. ఉన్న కట్టలన్నీ కొనేశాను. అంతకు ముందు నాలుగేళ్లు అదే బజారులో టమాటాలు కొనుక్కుని వచ్చేవాణ్ణి, ఆ బల్ల వైపు చూడనే లేదు.

అప్పటి నుంచి కొత్త ఊరెళ్తే ఇండియన్ స్టోర్ ఒక్కటే వెతకను. ఫిలిప్పీన్స్ వాళ్ల కొట్లో మునగాకు ఉంటుంది, "మలుంగాయ్" అంటారు. వాళ్ల "అలుగ్‌బాటి" మన బచ్చలి. "కంగ్‌కోంగ్" మన తూటికూర. చైనా కొట్లో తోటకూర, ఆనపకాయ, కాకరకాయ. మెక్సికో వాళ్ల కొట్లో చింతకాయలు, ఎండుమిర్చి. చింతపండు థాయ్ కొట్లో కొంటే మాత్రం చూసి కొను, తియ్యటి రకం కూడా అమ్ముతారు. దాంతో చారు పెడితే చారులా ఉండదు.

పుంటికూర | షార్జా | ఏప్రిల్ 6

నా పేరు చూసి ఆగలేకపోయిన అన్నా. మాది జగిత్యాల దగ్గర. మీరు గోంగూర అనేదాన్ని మేం పుంటికూర అంటం. పుంటికూర పప్పు, జొన్నరొట్టె ఉంటే మాకు పండుగ.

కూరగాయల విషయంలో ఇక్కడ మాకు కష్టం తక్కువ. కరివేపాకు, మునక్కాయ, దోసకాయ అన్నీ వస్తయి. కష్టం వేరే ఉంది. రూంలో ఎనిమిది మందిమి, పొయ్యి ఒక్కటి. పొద్దున నాలుగింటికి బస్సు. రాత్రే వండి డబ్బా కట్టుకోవాలె. అందుకే మాకు ఇంటి రుచి అంటే ఊరి నుంచి ఎవరైనా వచ్చినప్పుడు తెచ్చే పచ్చడి డబ్బానే. డబ్బా తెరిచిన రోజు ఎనిమిది మందికీ పెడతం. మూడు రోజుల్ల అయిపోతది. దాచుకున్నోణ్ణి నేను ఇంతవరకు చూడలే.

గల్ఫ్‌కి వచ్చేటోళ్లకి ఒక్క మాట, దయచేసి గుర్తుపెట్టుకోండి. గసగసాలు తేవొద్దు. యూఏఈలో అవి నిషేధిత సరుకు, మత్తుమందుల చట్టం కింద కేసు అయితది. అమ్మ ప్రేమగా దంచి ఇచ్చిన మసాలా పొడిలో గసాలు ఉన్నా అంతే. సంచి కట్టేటప్పుడే అమ్మని అడగండి, ఇందులో ఏమేం వేసినవ్ అని. ఇంకోటి, ఎండుకొబ్బరి కుడుకలు చెకిన్ సామానులో పెట్టనివ్వరు. వాటిలో నూనె ఉంటది, నిప్పు అంటుకుంటదని. చాలామందికి ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు విప్పినంకనే తెలుస్తది.

పెద్దక్క | డెట్రాయిట్ దగ్గర | ఏప్రిల్ 7

నాయనా కృష్ణకాలువా, మీ నాన్నగారి మాట చదివి మా అత్తగారు గుర్తొచ్చారు. 1981లో వచ్చి రెండు నెలలుండి, "అన్నీ ఉన్నాయమ్మా, పులుపే లేదు మీ దేశంలో" అన్నారు.

నేను 1976లో వచ్చాను. షికాగోలో మన సరుకులమ్మే పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు తెరిచి అప్పటికి రెండేళ్లు. మా ఊళ్లో ఏమీ లేవు. ఇడ్లీ రవ్వ లేక క్రీమ్ ఆఫ్ రైస్ అని ఇక్కడివాళ్లు పసిపిల్లలకి గంజి కాచే బియ్యపు రవ్వతో ఇడ్లీ వేసేదాన్ని. ఇప్పటికీ చెబుతున్నాను, రవ్వ దొరకనప్పుడు దానికి మించింది లేదు. ఉగాదికి మామిడికాయ బదులు పచ్చ రంగు గ్రానీ స్మిత్ ఆపిల్. అక్టోబరు, నవంబరు వస్తే క్రాన్‌బెర్రీలు, ఎర్రటి పుల్లటి చిన్న పళ్లు. వాటితో పప్పు, పచ్చడి, పులిహోర, అన్నీ చేశాం. ఆవకాయ కారం కలిపి ఊరబెట్టి జాడీల్లో పెట్టుకున్నాం.

ఇక గోంగూరకి బదులు రూబార్బ్. ఎర్రటి కాడలు, ఇక్కడివాళ్లు చక్కెర వేసి కేకుల్లాంటివి చేస్తారు. ఆ కాడల్ని సన్నగా తరిగి నూనెలో మగ్గబెడితే గోంగూర లాగే గుజ్జుగా అయిపోతుంది. పులుపు కూడా దానికి దగ్గరే. పచ్చిమిర్చి, వెల్లుల్లి, మెంతిపొడి వేసి నూరండి. ఏప్రిల్, మే నెలల్లో తాజాగా దొరుకుతుంది. అయితే ఒక్క జాగ్రత్త: కాడలే తినాలి, ఆకులు విషం. వాటిలో ఆక్సాలిక్ ఆమ్లం చాలా ఎక్కువ. గోంగూర కదా అని ఆకు వండేరు సుమా!

మా అత్తగారికి మాత్రం రూబార్బ్ పచ్చడి నచ్చలేదు. ఆవిడకి నచ్చింది పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడిలో పులిహోర. 1977లో కుంభాభిషేకం జరిగిన గుడి అది. మా ఇంటి నుంచి ఐదు గంటల ప్రయాణం. దర్శనం అయ్యాక పేపర్ ప్లేటులో పులిహోర, పెరుగన్నం పెట్టుకుని మెట్ల మీద కూర్చుని తిన్నారు. ఆ రెండు నెలల్లో ఆవిడ మళ్లీ వడ్డించుకోవడం అప్పుడే చూశాను. అప్పట్లో మాకు గుడే హోటలు, గుడే ఊరు. మీరు కూడా మీ నాన్నగారిని ఏదైనా గుడికి తీసుకెళ్లండి. తిండి ఒక్కటే కాదు, తన వయసు వాళ్లు నలుగురు కనిపిస్తారు.

చలిదేశం | టాంపెరె, ఫిన్లాండ్ | ఏప్రిల్ 7

విషయం కొంచెం పక్కకి వెళ్తుంది, క్షమించండి. పెద్దక్క గారు ఇడ్లీ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నాకు పిండి పొంగదు. రెండు రోజులు పెట్టినా కదలదు, మూడో రోజు ఒక రకం వాసన వస్తుంది. నాలుగుసార్లు పారేశాను. మినపగుళ్లు ఇక్కడ చాలా ఖరీదు, పారేసిన ప్రతిసారీ ఏడుపొస్తుంది.

మినపగుళ్లు | టొరంటో | ఏప్రిల్ 7

మీ సమస్య చలి. పిండి పొంగాలంటే దాదాపు 30 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. పప్పు మీద ఉండే బాక్టీరియానే పని చేసి గాలి బుడగలు పుట్టిస్తాయి, మినప్పిండి జిగురు వాటిని పట్టి ఉంచుతుంది. మీ వంటగట్టు మీద 20 డిగ్రీలు కూడా ఉండకపోవచ్చు.

ఓవెన్ వేడి చేయకుండా, లోపలి లైటు మాత్రం వేసి, గిన్నె లోపల పెట్టి తలుపు మూసేయండి. 12 నుంచి 16 గంటలు. గిన్నెలో సగమే పిండి ఉండాలి. ఒక కప్పు గుళ్లకి రెండు కప్పుల రవ్వ, చెంచాడు మెంతులు. కొట్టువాళ్లు అమ్మే పొట్టు తీసిన పాత బద్దలు కాకుండా గుండ్లు కొనండి. నానబెట్టిన నీళ్లు పారబోయకుండా రుబ్బేటప్పుడు వాడండి. ఉప్పు పొంగాకే వేయాలి, అయోడిన్ లేనిది.

పెద్దక్క | డెట్రాయిట్ దగ్గర | ఏప్రిల్ 8

మినపగుళ్లు గారు చెప్పినదంతా నిజమే, ఉప్పు దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. దాదాపు యాభై ఏళ్లుగా ఉప్పు ముందే వేసి, చేత్తో కలిపి పెడుతున్నాను. మామూలు ఉప్పే. డిసెంబరులో కూడా పొంగుతుంది. గరిటెతో కాదు, చేత్తో కలపమ్మా. ఐదు నిమిషాలు కలుపు. మిక్సీలో రుబ్బితే పిండి వేడెక్కుతుంది, చన్నీళ్లు వాడు.

మినపగుళ్లు | టొరంటో | ఏప్రిల్ 8

అక్కా, మా ఇంట్లో రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి చూశాను. ఉప్పు వేయనిదే ముందు పొంగింది. మీ చేతి మహిమ మా చేతికి లేదేమో. చలిదేశం గారూ, రెండూ చేసి చూడండి. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లో పెరుగు తోడుపెట్టే బటన్ నొక్కితే పని త్వరగా అవుతుందని కొందరంటారు. నాకు ఆ వేడి కాస్త ఎక్కువనిపించింది, అడుగున పిండి ఉడికినట్టైంది.

కృష్ణకాలువ | ఫోర్ట్ వేన్, ఇండియానా | ఏప్రిల్ 13

దొరికింది!

ఉలవచారు అన్నా, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిన్న శనివారం నాన్నని కూడా తీసుకుని వెళ్లాను. ఇంటి నుంచి పన్నెండు నిమిషాలు. వారం వారం ఆ కొట్టు ముందు నుంచే ఆఫీసుకి వెళ్తున్నాను. కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ ఉంది. నేను "చిన్‌బాంగ్" అని మూడు రకాలుగా పలికాను. ఆవిడకి అర్థం కాలేదు. ఫోన్ తీసేలోపే నాన్న లోపలికి నడిచి వెళ్లిపోయారు. వెళ్లి చూస్తే ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నారు, చేతిలో కట్ట. కాడ గిల్లి చూస్తున్నారు, మన ఊళ్లో సంతలో చూసినట్టే. "ఎర్ర గోంగూరరా, పులుపు బాగుంటుంది. లేత కొమ్మలే కట్టారు" అన్నారు.

ఆవిడ వచ్చి, ఎలా వండుతారని వచ్చీరాని ఇంగ్లిష్‌లో అడిగింది. నాన్నకి ఇంగ్లిష్ రాదు. నూరడం చేత్తో చూపించారు. ఆవిడ తన చేత్తో వేపడం చూపించి, వెదురు కొమ్ముల డబ్బా, ఎండురొయ్యల ప్యాకెట్ తెచ్చి మా ముందు పెట్టింది. వాళ్లు ఆ మూడూ కలిపి వేపుతారట. ఎండురొయ్యలు చూడగానే నాన్న ముఖం మారిపోయింది. గోంగూర ఎండురొయ్యలు అమ్మ వారానికోసారి వండేది. నాన్న నావైపు తిరిగి, "వీళ్లకీ తెలుసురా ఇది" అన్నారు.

ఐదు కట్టలు తెచ్చాం. వంట నాన్నే చేశారు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆయన పొయ్యి దగ్గరికి వెళ్లడం నేను చూడలేదు. ఆకు కడిగి, గుడ్డ మీద ఆరబోసి, తడి పోయాకే మూకుట్లో వేశారు. ఎవరు నేర్పారని అడిగితే, "నలభై ఏళ్లు పక్కన కూర్చుని చూశాను కదా" అన్నారు. వేడన్నం, పచ్చడి, నెయ్యి, ఉల్లిపాయ. మూడుసార్లు వడ్డించుకున్నారు.

ఉలవచారు | సెయింట్ పాల్, మిన్నెసోటా | ఏప్రిల్ 13

ఆఫీసులో కూర్చుని చదివాను తమ్ముడూ. కళ్లు తుడుచుకుని బయటికెళ్లి వచ్చాను.

సాహెల్ గాలి | కానో, నైజీరియా | ఏప్రిల్ 15

ఇక్కడ హౌసా వాళ్లు ఈ ఆకుని "యాకువా" అంటారు, కూరల్లో వేస్తారు. పువ్వు రాలాక మిగిలే ఎర్రటి కండగల తొడిమెల్ని ఎండబెట్టి, మరగబెట్టి "జోబో" అనే పానీయం చేస్తారు. అల్లం వేసి చల్లగా తాగుతారు, వీధి వీధికీ ఉంటుంది. నేను వచ్చిన కొత్తలో సైట్ దగ్గర కాపలాదారు తన డబ్బాలోంచి యాకువా కూర పెట్టాడు, వేరుశనగ పొడి వేసింది. గోంగూరకి వేరుశనగ ఇంత బాగా కలుస్తుందని మా అమ్మకి నేనే చెప్పాను. అమెరికాలో ఉన్నవాళ్లు ఆఫ్రికా వాళ్ల కొట్లలో కూడా అడిగి చూడండి.

గోధుమన్నం | డార్ట్‌మండ్, జర్మనీ | ఏప్రిల్ 16

యూరప్‌లో ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. మీ ఊళ్లో శ్రీలంక తమిళుల కొట్టు ఎక్కడుందో ముందు తెలుసుకోండి. ఇక్కడ కొత్తగా వచ్చిన మన పిల్లలు "ఇండియన్" అని బోర్డు ఉన్న చోటే వెతికి, పనీరు, బాస్మతి, నాన్ కొనుక్కుని వస్తారు. తమిళుల కొట్లో కరివేపాకు, మునక్కాయలు, నువ్వులనూనె, మినపగుళ్లు, ఇడ్లీ పాత్రలు, అన్నీ ఉంటాయి. పారిస్‌లోనైతే గార్ దు నార్ స్టేషన్ దిగి లా షాపెల్ వైపు నడిస్తే చాలు, వీధంతా వాళ్ల కొట్లే. గోంగూరని తమిళంలో "పుళిచ్చ కీరై" అని అడగండి.

పెరుగు, మజ్జిగకి టర్కీ వాళ్ల కొట్టు. వాళ్ల "ఐరాన్" అంటే ఉప్పు వేసిన మజ్జిగే. దాంట్లో అల్లం, కరివేపాకు నలిపి వేసుకుంటే ఇక ఏం కావాలి. కొత్తిమీర, పుదీనా కూడా వాళ్ల దగ్గర పెద్ద కట్టలు.

వేరుమూలం | డల్లాస్ | ఏప్రిల్ 18

కృష్ణకాలువ గారూ, ఈసారి ఎవరైనా వస్తుంటే గోంగూర విత్తనాలు తెప్పించుకుని పెరట్లో చల్లేయండి. చిన్న పొట్లమే కదా, సూట్‌కేసులో తెలియదు.

నాగావళి | ఆస్టిన్ | ఏప్రిల్ 18

అలా చేయకండి. విత్తనాలు దేశంలోకి తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కరివేపాకు కూడా తేకండి. ఆ చెట్టు నిమ్మ, బత్తాయి కుటుంబానికి చెందింది. దాని మీద వాలే ఒక చిన్న పురుగు బత్తాయి తోటల్ని చంపే తెగులుని మోస్తుంది. ఫ్లోరిడాలో ఎన్నో తోటలు అలాగే పోయాయి. నాలుగు రెబ్బల కోసం ఇంకో రైతు తోటని ప్రమాదంలో పెట్టకూడదు. మాది విజయనగరం జిల్లా, గోగు పండించిన కుటుంబం. తెగులు వస్తే ఇంట్లో ఎలా ఉంటుందో చూసినవాణ్ణి.

విత్తనాలు ఇక్కడే "రోజెల్" పేరుతో అమ్ముతారు, అవి కొనండి. అది ఎర్ర గోంగూర. మన దగ్గర నార తీసే గోగులో ఒక రకాన్ని ఇక్కడ "కెనాఫ్" అంటారు. దాని లేత ఆకూ వండుకోవచ్చు. కాకపోతే కొన్ని రకాల ఆకులు చూడ్డానికి గంజాయి ఆకులా ఉంటాయి, పక్కింటివాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

మీ ఊళ్లో మే నెల మధ్యదాకా మంచు భయం ఉంటుంది. ఇప్పుడు లోపల కుండీల్లో మొలకెత్తించి, మే చివర బయట నాటండి. ఆకు సెప్టెంబరు దాకా కోసుకోవచ్చు. విత్తనం మాత్రం చేతికి రాదు. పగలు పొట్టిగా అయ్యాకే అది పూత పడుతుంది, కాయ ముదిరేలోపు మీకు మంచు పడిపోతుంది. అసలు విత్తనమే అక్కర్లేదు, కొట్లో కొన్న కట్టలో కాస్త ముదురు కాడలుంటే ఆకు దూసుకుని, కాడని నీళ్లలో పెట్టి చూడండి. తాజాగా ఉంటే వేరు పోస్తుంది.

చలిదేశం | టాంపెరె, ఫిన్లాండ్ | ఏప్రిల్ 20

పిండి పొంగింది! ఓవెన్ లైటు, 15 గంటలు. పెద్దక్క గారు చెప్పినట్టు చేత్తో కలిపాను, ఉప్పు మాత్రం సగం ముందు, సగం తర్వాత వేశాను. ఇద్దరి మాటా విన్నాను. పల్లీ చట్నీతో పదకొండు ఇడ్లీలు తిన్నాం ఇద్దరం.

పెద్దక్క | డెట్రాయిట్ దగ్గర | ఏప్రిల్ 20

సంతోషం తల్లీ. మిగిలిన పిండి ఫ్రిజ్‌లో పెట్టి, రేపు ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి దిబ్బరొట్టె వేసుకో. మందపాటి మూకుడు, సన్న సెగ, మూత పెట్టి.

కృష్ణకాలువ | ఫోర్ట్ వేన్, ఇండియానా | జూన్ 22

చాలా రోజులైంది, ఆ తర్వాత సంగతి చెబుదామని వచ్చాను.

నాగావళి గారి పోస్టు నాన్నకి చదివి వినిపించాను. మర్నాడే కొట్టుకి వెళ్దామన్నారు. ఏడు ముదురు కాడలు ఏరి, కిటికీలో గాజు గ్లాసులో పెట్టారు. రోజూ పొద్దున నీళ్లు మార్చేవారు. మూడు కాడలు వేరు పోశాయి, నాలుగు కుళ్లిపోయాయి. మే చివర ఆ మూడింటినీ పెరట్లో ఎండ బాగా తగిలే చోట నాటారు. ఇప్పుడు నా మోకాలి ఎత్తు ఉన్నాయి. చివర్లు గిల్లితే పక్క కొమ్మలు వేస్తుందని ఆయనే గిల్లుతున్నారు.

శనివారాలు కొట్టుకి మాత్రం మానలేదు. ఆకు ఇంట్లో ఉన్నా వెళ్తున్నాం. మొన్న నాన్న ఒక చిన్న సీసాలో పచ్చడి పట్టుకెళ్లి ఆ పెద్దావిడకి ఇచ్చారు. ఆవిడ వేలితో రుచి చూసి, లోపలికి వెళ్లి తన మధ్యాహ్నం డబ్బాలో వేపుడు సగం మాకు కట్టి ఇచ్చింది.

నాన్న తిరుగు ప్రయాణం సెప్టెంబరు 8. మొక్కలకి నీళ్లు ఎప్పుడు పోయాలో, చివర్లు ఎక్కడ గిల్లాలో నాకు రోజూ సాయంత్రం చూపిస్తున్నారు.